మంజవాడి మలుపులో లోపం లేదు

మానవజాతి సాధించిన ఘనకార్యాలలో నిప్పు మొదటిది, చక్రం రెండవది, గడి మూడవది. గడి అంటే ఫారంలో టిక్కు పెట్టేందుకు గీసే చిన్న చదరం. నిప్పుతో వంట వచ్చింది, చక్రంతో ప్రయాణం వచ్చింది. ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోయిందని ఎవరైనా వచ్చి మొరపెట్టుకుంటే ఆ మొరను ఎక్కడ పెట్టాలో తెలియక లోకం వేల ఏళ్లు తికమకపడింది. గడి వచ్చి ఆ కొరత తీర్చింది. గడిలో పట్టిన కష్టమే కష్టం, పట్టనిది భ్రమ.

ఈ శాస్త్రం 2006 నాటికి తమిళనాడులోని ధర్మపురి బైపాస్ రోడ్డు మీద, ఒక కార్ల కంపెనీ వారి అధీకృత సేవాకేంద్రంలో పరిపూర్ణ దశకు చేరుకున్నది. అందుకు ఏ. పళ్లిపట్టి పక్కన పసుపు పండించే జయరామే సాక్షి. (ఆయన సాక్ష్యం చెల్లదు. ఎందుకు చెల్లదో కేంద్రం వారే ముందు ముందు వివరిస్తారు.)

జయరామ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తాతల నాటి నుంచీ అంతే. యాభై ఏళ్ల మనిషి, పాతికేళ్లుగా ట్రాక్టరు తోలుతున్నవాడు. ఆ ఏడు పసుపు బాగా పలికితే డీజిల్ కారు కొన్నాడు. షోకు కోసం కాదు, అమ్మ కంటి కోసం. తల్లి మారమ్మకు ఎడమ కన్ను చిన్నప్పుడే చెరుకాకు కోసుకుని పోయింది. ఉన్న ఒక్క కుడికంటిలోనూ శుక్లం కమ్ముకొచ్చింది. సేలంలో డాక్టరమ్మ చూసి, ఆపరేషన్ చేస్తే బాగవుతుంది, ముదరబెడితే నా చేతుల్లో ఉండదు అని చెప్పింది. బస్సులో పోదామంటే మారమ్మకు రెండు మలుపులు దాటకముందే కడుపు తిప్పుతుంది. పళ్లిపట్టి నుంచి సేలం పోవాలంటే మంజవాడి కనుమ ఎక్కాలి, కనుమకు మలుపులు తప్ప వేరే పని లేదు.

కారు వచ్చిన రోజున పూజంతా మారమ్మే చేసింది. తలుపులన్నీ తెరిపించింది, బానెట్ ఎత్తించింది, తాళాల గుత్తి చేతికి తీసుకుని తడుముకుంటూ చుట్టూ తిరిగి చక్రాలకు, స్టీరింగుకు, వెనక డీజిల్ మూతకు కూడా పసుపుకుంకుమలు పెట్టింది. ఎద్దులబండి కాలం నుంచి ఆ ఇంట్లో బండి అన్నది మారమ్మ శాఖ. అందులో మగవాళ్లు తలదూర్చేవాళ్లు కాదు. పూజయ్యాక ఆమె ఒక ప్రకటన చేసింది. తన కంటి కోసం అమ్మవారు మారెమ్మకు మొక్కుకుని బండికి ముడుపు కట్టినానని, ఇక పోతే ఈ బండిలోనే సేలం పోతానని, వేరే బండి ఎక్కేది లేదని. ముడుపు అంటే తెలిసిందే, పసుపుగుడ్డలో ఒక రూపాయి, ఆమె విషయంలో ఒక జత వెండి కళ్లు. కోరిక తీరినాక అమ్మవారికి చేరాల్సిన సొత్తు. దాన్ని ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టడం ఆనవాయితీ. అక్కడే ఉంటుందని జయరామ అనుకున్నాడు. అడగలేదు.

ఆసుపత్రి వారు ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. ఉదయం తొమ్మిది లోపల పేరు రాయించుకోవాలి, తొమ్మిదీ ఒక నిమిషానికి కిటికీ మూస్తారు. జయరామ ఆరున్నరకే బయలుదేరాడు. పళ్లిపట్టి దాటేదాకా కారు గుర్రంలా పరుగెత్తింది. కనుమ ఎక్కుతూ చివరి మలుపుకు వచ్చేసరికి ఎంత తొక్కినా పట్టించుకోవడం మానేసింది. వేగం నలభై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి పదికి దిగి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. వెనక్కి దొర్లించి చదును చోట నిలిపి, మారమ్మ రెండుసార్లు ఆకువక్క వేసుకునేంత సేపు ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్లీ బయలుదేరింది. అదే మలుపులో మళ్లీ ఆగింది. నాలుగో ప్రయత్నంలో కనుమ దాటి సేలం చేరేసరికి పదీ ముప్పావు. కిటికీ మూసి ఉంది. తిరుగు ప్రయాణంలో కారు కిక్కురుమనలేదు.

ఆ విధంగా జయరామ, పక్క సీట్లో భార్య సరసు, వెనక సీట్లో మారమ్మ, ముగ్గురూ మొదటిసారి సేవాకేంద్రం గడప తొక్కారు.

అక్కడ 'సమస్యా స్వీకరణ అధికారి' హోదాలో మణికండన్ అనే కుర్రాడు ఉండేవాడు. మంచివాడు. ధర్మపురి ఎండకు అతని టై ఒక్కటే సమ్మతించలేదు. కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నాలుగు పేజీల ఫారం తీసి, జయరామ చెప్పినదంతా శ్రద్ధగా విని, మూడో పేజీలో 'ఇంజను శక్తి తగ్గుట' అన్న వరుస దగ్గర ఆగాడు. దాని ఎదుట రెండు గడులున్నాయి. ఒకటి 'ఎల్లప్పుడూ'. రెండోది 'ఎన్నడూ లేదు'.

అప్పుడప్పుడు అన్నాడు జయరామ.

మణికండన్ ఆ గడి కోసం మూడో పేజీ అంతా వెతికాడు, వెనక్కి తిప్పి చూశాడు, కార్బన్ కాగితం కూడా ఎత్తి చూశాడు. లేదు. కాసేపు ఆలోచించి, ఇప్పుడు తగ్గుతోందా సార్ అని మర్యాదగా అడిగాడు. ఇప్పుడు బండి మీ గుమ్మం ముందర నిలబడి ఉంది గదా అన్నాడు జయరామ. అయితే లేదన్నమాట అని మణికండన్ ఊపిరి పీల్చుకుని 'ఎన్నడూ లేదు' మీద టిక్కు పెట్టాడు.

తర్వాత కారుకు ఒక తీగ తగిలించి కంప్యూటర్‌కు కలిపారు. కంప్యూటర్ ఆకుపచ్చ దీపం వెలిగించింది. ఆకుపచ్చ వెలిగాక ఆ కేంద్రంలో మనిషి మాట్లాడటం నియమ విరుద్ధం. కారును శుభ్రంగా కడిగారు. (ఆ కేంద్రంలో ఏ ఫిర్యాదుకైనా స్నానం చేయించేవారు. దానివల్ల ఏ రోగమూ పోలేదు గాని, ఏ బండీ మాసిపోయి తిరిగి వెళ్లలేదు.) చివర జయరామ చేతికి ప్లాస్టిక్ పొర అతికించిన పత్రం ఒకటి వచ్చింది. ఇరవై ఒక్క అంశాలలో పరీక్షించడమైనది, లోపం లేదు.

ఈ తతంగం జరుగుతున్నంత సేపూ మారమ్మ కుర్చీలో కూర్చుని తన వాంగ్మూలం ఇస్తూనే ఉంది, తెలుగులో, ఎదుటి గోడకు.

"దానికేమి రోగం? నేను ముడుపు కట్టి పెట్టినాను గదా. దారిలో దిష్టి తగిలుంటాది, పోతాది."

అమ్మ ఏమంటున్నారు సార్ అని మణికండన్ అడిగాడు. ఏమీ లేదు, పెద్దవాళ్ల మాటలు అని జయరామ తమిళంలో చెప్పాడు. గడులు లేకపోవడం ఒక్క కంపెనీ దగ్గరే కాదు.

ఆసుపత్రి వారు రెండో తేదీ ఇచ్చారు. కారు రెండోసారీ చివరి మలుపులోనే ఆగింది, కిటికీ రెండోసారీ మూసుకుంది. ఈసారి కిటికీ వెనకాల మనిషి నియమం చదివి వినిపించాడు. మూడోసారి కూడా రాకపోతే పేరు జాబితా అడుగుకు పోతుందట. అడుగంటే వచ్చే ఆడి, అంటే ఆషాఢ మాసం. ఆడి దాకా ఆ కన్ను ఆగుతుందా? మారమ్మ అప్పటికే చెంబు కోసం చేయి చాపి దాని పక్కన గాలిని పట్టుకుంటోంది. ఆ చేయి చూసినప్పుడల్లా జయరామకు అన్నం సహించేది కాదు.

మళ్లీ సేవాకేంద్రం. ఈసారి మణికండన్ ఫారం తీయలేదు, నియమావళి తీశాడు. పద్నాలుగో నియమం ప్రకారం, గడిలో లేని సమస్యను అధీకృత సాక్షి అధీకృత మార్గంలో స్వయంగా అనుభవించాలి. (కారు యజమాని సాక్షి కాడు. ఆయనకు ఆ విషయంలో స్వార్థం ఉంటుంది.) అధీకృత సాక్షి మణికండనే. అధీకృత మార్గం కేంద్రం గేటు నుంచి లారీలు తూచే వేబ్రిడ్జి దాకా, మళ్లీ గేటు దాకా. చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది. ఇద్దరూ ఎక్కి వేబ్రిడ్జి దాకా పోయి వచ్చారు. మణికండన్ కళ్లు మూసుకుని, ఏదైనా అనుభవం కలుగుతుందేమోనని చిత్తశుద్ధితో ఎదురుచూశాడు. కలగలేదు.

కనుమకు రమ్మని జయరామ బతిమాలాడు. మణికండన్‌కూ రావాలనే ఉంది. కాని చివరి మలుపు దగ్గరే జిల్లా సరిహద్దు బోర్డు ఉంది. కారు ఆగినప్పుడు ముందు చక్రాలు సేలం జిల్లాలోను, వెనక చక్రాలు ధర్మపురి జిల్లాలోను ఉంటున్నాయి. ఇంజను ముందు ఉంటుంది కాబట్టి ఇంజను ఫిర్యాదు సేలం కేంద్రానికి చెందుతుంది. సేలం కేంద్రానికి ఫోన్ చేస్తే, యజమాని చిరునామా ధర్మపురిలో ఉంది కాబట్టి ఫిర్యాదు ధర్మపురిదే అన్నారు. రెండు కేంద్రాల మేనేజర్లూ గంట సేపు ఒకరినొకరు గౌరవించుకున్నారు. తుదకు, సమస్యను ఒక యాభై అడుగులు ఇవతలికి తెచ్చుకుంటే తప్పక పరిశీలిస్తామని ధర్మపురి వారు లిఖితపూర్వకంగా హామీ ఇచ్చారు. కారు కడిగారు. రెండో పత్రం వచ్చింది.

జయరామ పంతం పట్టి మూడోసారి పోయాడు. కారులో లోపం లేనప్పుడు లోపం తోలేవాడిలో ఉండాలి కదా, ఈ తర్కం మణికండన్‌ది కాదు, నియమావళిది. కాబట్టి జయరామకు ఒక పూట తరగతి పెట్టారు. ఆక్సిలరేటర్ ఏ కాలితో తొక్కాలో బొమ్మలు చూపించారు. పరీక్ష పెట్టారు. పాసయ్యాడు. ఈసారి పొర అతికించిన పత్రం కారు పేరు మీద కాక జయరామ పేరు మీద వచ్చింది. ఇరవై ఒక్క అంశాలలో పరీక్షించడమైనది, లోపం లేదు.

సరసు ప్లస్ టూ దాకా చదివిన మనిషి. ఆ పత్రాన్ని రెండుసార్లు చదివి, ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని, ఈ విషయంలో నన్నొక మాట అడగాల్సింది అని మాత్రం అంది.

మూడో తేదీ రానే వచ్చింది. ఈసారి తెల్లవారకముందే లేచి, ఐదున్నరకే కారు తీశారు. వెనక సీట్లో మారమ్మ ఎప్పటిలాగే నడుమ కూర్చుంది. జయరామ దారి పొడుగునా మారెమ్మను తలుచుకున్నాడు, నియమావళిని తిట్టుకున్నాడు. చివరి మలుపు వచ్చింది. కారు నలభై నుంచి ఇరవైకి, ఇరవై నుంచి పదికి దిగింది. రెండు దగ్గులు. సరిహద్దు బోర్డు దగ్గర, ముందు చక్రాలు సేలంలో, వెనక చక్రాలు ధర్మపురిలో.

జయరామకు ఏడుపొచ్చింది. స్టీరింగు మీద తల ఆన్చి అట్లాగే ఉండిపోయాడు. సరసు దిగి వెనక చక్రానికి రాయి పెట్టింది.

మలుపు అవతల గట్టు పక్కన ఒక లారీ నిలబడి ఉంది. దాని కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనబడుతున్నాయి. ఆ కాళ్లు ఎల్లప్పన్‌వి. అతను ఆ కనుమలో లారీలు బాగుచేసే మెకానిక్. టై లేదు, కంప్యూటర్ లేదు, కూర్చోబెట్టడానికి కుర్చీ కూడా లేదు. కారు దగ్గడం విని బయటికొచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నడిచొచ్చాడు. బానెట్ ఎత్తలేదు. తమిళంలో రెండే ప్రశ్నలు వేశాడు. ఎక్కేటప్పుడేనా, చదునులోనా? ఎక్కేటప్పుడే. కాసేపు నిలిపితే మళ్లీ పోతాదా? పోతుంది. అయితే ఇంజను కాదు, డీజిల్ అందడం లేదు, ట్యాంకులో ఏదో అడ్డం పడుతోంది అన్నాడు.

ట్యాంకులో ఏముంటుందని జయరామ అంటుండగానే, వెనక సీట్లోంచి మారమ్మ వాంగ్మూలం మొదలుపెట్టింది.

"దానికేమీ కాదు. నేను ముడుపు కట్టి పెట్టినాను."

ఎల్లప్పన్ తల తిప్పాడు. అతని ఇంట్లోనూ తెలుగే. ఫిర్యాదు మూడు వందల కిలోమీటర్లు తిరిగినా, ఇరవై ఒక్క అంశాలు మూడుసార్లు పరీక్షించినా ఎవరికీ తోచని ప్రశ్నను అతను చాలా మామూలుగా అడిగాడు.

"ఏడ పెట్టినావు పెద్దమ్మా?"

"ఏడ పెడతారు? బండి తాగే చోటనే. మా ఆయన బండికి కందెన గొట్టంలో ఏస్తా ఉంటి. ఇరుసు ఒక్కతూరి ఇరగలేదు. దీనికి కందెన గొట్టం లేదంట. డీజిల్ తాగే నోట్లో ఏసినాను."

ఎద్దులబండి ఇరుసుకు పూసే కందెనను వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాళ్లు. అందులో ముడుపు వేస్తే బండికి నష్టం లేదు. కారు సంగతి వేరు. జయరామ తల ఎత్తి తల్లిని చూశాడు. సరసు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎల్లప్పన్ మారమ్మను దిగమని, ఆమె ఇన్నాళ్లూ కూర్చున్న సీటునే ఎత్తాడు. కింద ట్యాంకు మూత ఉంది. నాలుగు బోల్టులు విప్పి, డీజిల్ పీల్చే గొట్టాన్ని పైకి లాగితే, దాని కొసకు జలగలా పట్టుకుని పసుపుగుడ్డ మూట వచ్చింది. చదునులో ఒక మూలన పడుండేది. బండి కొండ ఎక్కితే వెనక్కి జారి గొట్టానికి అతుక్కునేది. బండి ఆపి వెనక్కి దొర్లిస్తే వదిలేది. ఇంజను ముందు ఉన్నా రోగం వెనక ఉంది, వెనక భాగం ధర్మపురి జిల్లాలో ఉంది, కాబట్టి ఫిర్యాదు మొదటి నుంచీ ధర్మపురి కేంద్రానిదే. ఆ సమయంలో ఈ అధికార పరిధి సంగతి ఎవరికీ తట్టలేదు.

మారమ్మ మాత్రం ఒప్పుకోలేదు. మొక్కు తీరకముందే ముడుపు తీయకూడదు, తీస్తే కన్ను రాదు అని రోడ్డు మీద బైఠాయించింది. టైము ఏడూ ఇరవై. జయరామ బతిమాలాడు, కసిరాడు, మళ్లీ బతిమాలాడు. ఎల్లప్పన్ మూటను పిండి, ఆమె ముందర గొంతుక్కూర్చున్నాడు.

"ముడుపు బండిలో ఉండాల, అంతే గదా. నీ కొంగున కట్టుకో. నువ్వు బండిలో ఉంటావు, అది నీతో ఉంటాది. బండి నోరు మాత్రం వదిలేయి పెద్దమ్మా, పాపం, దానికి ఊపిరాడలేదు."

బండికి ఊపిరాడలేదన్న మాట మారమ్మకు నిజంగా తగిలింది. నోరు లేని బండి, చెప్పుకోలేకపోయింది అని కారు తలుపును ఒకసారి నిమిరి, మూటను కొంగున ముడివేసుకుని ఎక్కింది. కారు ఆ మలుపును ఒక్క ఊపున దాటింది. సేలం ఆసుపత్రి కిటికీ దగ్గర వాళ్ల పేరు రాసుకునేసరికి ఎనిమిదీ నలభై. క్యూలో ఉన్నవాళ్లంతా డీజిల్ వాసన ఎక్కడి నుంచి వస్తోందా అని ఒకరినొకరు చూసుకున్నారు. నర్సు ఆ మూటను విప్పించి జయరామ చేతికిచ్చింది. అతను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. కట్టు విప్పిన రోజు మారమ్మ మొదట కొడుకును చూసి, ఇంత నెరిసిపోయినావేంరా అంది. తర్వాత సరసును, తర్వాత కిటికీలోంచి రోడ్డును, బస్సును, బస్సు మీద ఎవరో ఎక్కించిన మేకను చూసింది. మేకను చాలా సేపు చూసింది. జయరామ వరండాలోకి పోయి కళ్లు తుడుచుకుని వచ్చాడు.

కథ ఇక్కడ ఆగాల్సింది. కాని జయరామ నిజాయితీపరుడు. మణికండన్ పాపం ఆ సమస్య అనుభవించాలని అంత తపించాడు, అసలు సంగతి చెప్తే సంతోషిస్తాడని ధర్మపురి పోయి, మూటను బల్ల మీద పెట్టాడు. మణికండన్ నిజంగానే సంతోషించాడు. కుర్చీలోంచి లేచి చేయి కలిపాడు. ఆ వెంటనే కంప్యూటర్‌లో ఏదో నొక్కి, కారులోంచి తీసిన ఏ వస్తువైనా 'తొలగించిన భాగం' అవుతుందని, తొలగించిన భాగాలన్నీ పరిశీలన కోసం చెన్నై కార్యాలయానికి పోవాలని, ఇది తన చేతుల్లో లేదని చెప్పి, మూటకు చీటీ కట్టి సంచిలో వేసి సీలు వేశాడు. జయరామకు రసీదు ఇచ్చాడు. కారు కడిగారు.

ఇంటికొస్తే మారమ్మ చేయి చాపి కూర్చుని ఉంది. కన్ను వచ్చింది, మొక్కు తీర్చాలి, ముడుపు ఏది? చెన్నై పోయింది అన్నాడు జయరామ. ఎందుకు పోయింది? పరీక్ష రాయడానికి అంది సరసు.

తర్వాత మూడు నెలలు జయరామ ప్రతి మంగళవారం అమ్మవారికి క్షమాపణలు చెప్పాడు, ప్రతి సోమవారం సేవాకేంద్రానికి ఫోన్లు చేశాడు. మూట ఎక్కడుందని అడిగితే, దాని పార్టు నంబర్ చెప్పమనేవారు. రాలేదా అంటే 'ఎల్లప్పుడూ', 'ఎన్నడూ లేదు' అన్న రెండింటిలో ఒకటి నొక్కమని ఒక ఆడగొంతు చెప్పేది.

ఆఖరికి ఒక ఉదయం పార్శిల్ వచ్చింది. విప్పితే మూట. గుడ్డను ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టారు. పసుపంతా పోయి మల్లెపువ్వులా ఉంది. రూపాయి మెరుస్తోంది. దానితో పాటు పొర అతికించిన పత్రం. మారమ్మ చదవమంది. జయరామ తమిళంలో చదువుతూ తెలుగులో చెప్పాడు. తొలగించిన భాగాన్ని ఇరవై ఒక్క అంశాలలో పరీక్షించడమైనది. గుడ్డ, ఒకటి, లోపం లేదు. నాణెం, ఒకటి, లోపం లేదు. కళ్లు, ఒక జత, లోపం లేదు.

మారమ్మ చేతులు జోడించింది. ఎవరో పెద్ద డాక్టర్లు చూసినట్టున్నారు అంది.

అడుగున ఇంకో వరుస ఉంది. దాన్ని జయరామ కళ్లతో చదివి, పత్రాన్ని మడవబోయాడు. పొర అతికించిన పత్రం మడత పడలేదు. సరసు అందుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా, అత్తకు అర్థమయ్యేలా తాపీగా తెలుగులోకి మార్చి చదివింది.

"లోపం లేదని తేలినందున, ఈ భాగాన్ని తీసిన చోటనే తిరిగి అమర్చుకోవలెను."

"చూసినావా? నేను మొదట్నుంచీ అదే చెప్తా ఉండాను," అంది మారమ్మ. వెండి కళ్లు తీసి అమ్మవారి కోసం వేరే పెట్టింది. గుడ్డలో రూపాయి వేసి, కంపెనీ వారు మరిచిపోయిన పసుపును తానే రాసి, గట్టిగా ముడివేసి లేచింది. డీజిల్ మూత తాళం ఎక్కడుందని ఈసారి ఎవరినీ అడగలేదు. గోడకు ఏ మేకుకు వేలాడుతోందో ఆమెకు ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది.